రిటుక్సిమాబ్ ఎక్కిస్తే బీ కణాలన్నీ చచ్చిపోతాయట, ఇక మా చెల్లికి రోగనిరోధక శక్తే ఉండదా?

అలా ఏం కాదండీ. బీ కణాలంటే రోగనిరోధక శక్తిలో ఒక భాగమైన తెల్ల రక్తకణాలు, మొత్తం అవే కాదు. మీ చెల్లిగారికి ల్యూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) కిడ్నీల దాకా వచ్చిందని, డాక్టరు ఈ మందు రాశారని చెప్పారు కదా, నాదీ అదే జబ్బు, అదే మందు. డాక్టర్ని కాను. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే ఆసుపత్రి డే కేర్‌లో ఎక్కించుకున్నదాన్ని.

రిటుక్సిమాబ్ పట్టుకునేది బీ కణం మీద ఉండే సీడీ20 అనే ప్రొటీన్‌ని. ఎముక మజ్జలోని మూలకణాల మీద అది ఉండదు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల మీదా దాదాపు ఉండదు. అందుకే పాత టీకాల యాంటీబాడీలు చాలావరకు మిగులుతాయి. బీ కణాలు కూడా సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో మళ్లీ పుట్టుకొస్తాయి. ఈలోపు కొత్త టీకాలు మాత్రం సరిగా పనిచేయవు, ఫ్లూ, న్యుమోనియా టీకాల సంగతి ముందే అడగండి. ల్యూపస్‌ని గుర్తించడానికి చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష నెగటివ్ అవుతుందని కూడా ఎదురుచూడకండి, చాలామందికి అవదు.

అసలు చిక్కు బాఫ్ అనే ఇంకో ప్రొటీన్‌తో. బీ కణం బతకాలంటే అది అందుతూ ఉండాలి. సొంత ఒంటి మీదే తిరగబడే కణాలకు అది మరీ ఎక్కువ కావాలి, అందుకే మామూలుగా అవి పోటీలో వెనకబడి చచ్చిపోతాయి. మా పీజీ మెస్‌లో అన్నం లెక్కగా వండిన రోజు ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరకదు, గిన్నె నిండా ఉంటే అందరూ తింటారు, అచ్చం అలాగే. ల్యూపస్‌లో చాలామందికి బాఫ్ ఎక్కువగా ఉంటుంది, పోవాల్సినవి కూడా బతికిపోతాయి. పైగా రిటుక్సిమాబ్ తర్వాత తినేవాళ్లు లేక బాఫ్ ఇంకా పెరుగుతుంది, కొత్త కణాలు పుట్టేది దాని మధ్యలోనే. కొందరికి జబ్బు తిరగబెట్టడానికి ఇదొక కారణం అంటారు. బాఫ్‌ని అడ్డుకునే బెలిముమాబ్‌కి అమెరికాలో 2011లో ల్యూపస్‌కి, 2020లో కిడ్నీ ల్యూపస్‌కి అనుమతి వచ్చింది.

ఇంకో మాట, దాచడం ఎందుకు: కిడ్నీ ల్యూపస్‌లో రిటుక్సిమాబ్ మీద చేసిన పెద్ద ట్రయల్, 2012లో వచ్చింది, అనుకున్న లక్ష్యం చేరలేదు. అయినా మిగతా మందులు పనిచేయని వాళ్లకు డాక్టర్లు వాడుతున్నారు. నాకు పనిచేసింది, మీ చెల్లిగారికీ చేస్తుందని నేను చెప్పలేను. ఖర్చు గురించి భయపడుతుంటే, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007 నుంచే రెడిటక్స్ పేరుతో దీన్ని అమ్ముతోంది, ఏ బ్రాండ్ రాశారో కనుక్కోండి.

మొదటి డోసు రోజు లీవు పెట్టాల్సిందే, గంటలు పడుతుంది. ముందు పారాసిటమాల్, అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇస్తారు. డ్రిప్ చాలా నెమ్మదిగా మొదలుపెట్టి అరగంటకోసారి బీపీ చూసి వేగం పెంచుతారు. నాకు మధ్యలో గొంతులో దురద, చెవుల వెనక వేడి మొదలైంది. సిస్టర్‌కి చెప్పగానే ఆపి, కాసేపయ్యాక తక్కువ వేగంతో మళ్లీ పెట్టారు. చెల్లిగారికి ముందే చెప్పండి, మొహమాటపడి ఊరుకోవద్దని.

ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, పాత ఇన్ఫెక్షన్ లోపల నిద్రపోతూ ఉంటే లేచి లివర్ మీద పడుతుంది. ఐజీజీ, అంటే రక్తంలో ఉండే ముఖ్యమైన యాంటీబాడీల స్థాయి, అది కూడా చూపించండి. తర్వాత రిపోర్టులో సీడీ19 (బీ కణం మీదే ఉండే ఇంకో ప్రొటీన్) సున్నా దగ్గర కనిపిస్తే కంగారుపడకండి, సీడీ20ని మందు కప్పేస్తుంది కాబట్టి బీ కణాలను సీడీ19తో లెక్కపెడతారు, తగ్గితే మందు తన పని చేసినట్టే. మీరు చూసుకోవాల్సింది యూరిన్‌లో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్, ఇంకా జబ్బు ఎక్కువైనప్పుడు సాధారణంగా తగ్గే సీ3, సీ4 అనే రక్తంలోని ప్రొటీన్లు.