గడ్డకట్టిన సరస్సు మీద స్నోమొబైల్ నడిపితే ఐస్ విరగదా?

అమెరికాలోని మిన్నెసోటా వీడియోల్లో సరస్సు మీద స్నోమొబైల్ అనే మంచు బండ్లు తోలుతూ, బొక్క పెట్టి చేపలు పడుతుంటారు కదా, భయం వేయదా అని అడిగారు. వేస్తుంది. అందుకే ముందు ఐస్ మందం కొలుస్తారు.

నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉండి అడుగుకు దిగుతాయి. కాబట్టి పైన మాత్రమే గడ్డకడుతుంది, కింద చేపలు హాయిగా తిరుగుతుంటాయి. అక్కడి సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు ఉండాలి. ఇది కొత్తగా కట్టిన, గాజులా స్వచ్ఛమైన ఐస్‌కే. పాలలా తెల్లగా ఉంటే బలం దాదాపు సగమే, మందం రెట్టింపు కావాలి.

అసలు చిక్కు ఏంటంటే, ఒకే సరస్సులో మందం అంతటా ఒకేలా ఉండదు. వాగు కలిసే చోట, ఊటలున్న చోట పలచగా ఉంటుంది. పైన స్నో దుప్పటిలా పరుచుకుంటే చలి లోపలికి దిగక ఐస్ నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు కొంత దూరానికోసారి ఆగర్ అనే పెద్ద బరమాతో బొక్క పెట్టి, టేపు దించి చూస్తారు. మెడలో మేకు బిగించిన పిడులు రెండు వేలాడేసుకుంటారు. నీళ్లలో పడితే వాటిని ఐస్‌లో గుచ్చుకుంటూ పైకి పాకాలి.

చేపలు పట్టే లైసెన్సు మాత్రం మర్చిపోవద్దు. అక్కడ చలికాలంలో ఐస్ మీద ఒక్కొక్కరికి రెండు గాలాల వరకే అనుమతి.