జెఫ్ బెక్ మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఫోన్లో, రెండోసారి ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని. ఎలా ఉందో చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా, నొచ్చుకోకు. అందులో ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ ఉన్నాడు గాని పాట లేదు. ‘మెరుపు వేగం’ ఐదు చోట్ల వచ్చింది, ‘గిటార్ మాంత్రికుడు’ మూడు చోట్ల. 1965లో ఎరిక్ క్లాప్టన్ అనే గిటారిస్టు వెళ్లిపోయాక యార్డ్‌బర్డ్స్ బ్యాండులో ఎలా చేరాడన్న దానికే సగం పేజీ పోయింది. ఆ ముక్క ఎవడైనా రాస్తాడు, వెతికితే రెండు నిమిషాల పని. నువ్వు ఏ పాట దగ్గర ఆగి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నావు? నాకు కావలసింది అది.

నా సంగతి చెబుతాను. మేం విశాఖ అల్లిపురంలో అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో ఒకాయన ఓడల మీద పనిచేసేవాడు. ఆయన తెచ్చిన కాపీ కేసెట్ ఒకటి నా చేతికొచ్చింది. పైన పేరు లేదు, పెన్సిల్‌తో ‘గిటార్, మాటల్లేవు’ అని మాత్రం ఉంది. పెట్టుకుని కూర్చుంటే పాడేవాడు ఎప్పుడొస్తాడా అని చూడటమే సరిపోయింది. ఒకచోట గొంతులాంటిదేదో వినపడితే హమ్మయ్య అనుకున్నా, తీరా అదీ గిటారేనట, గొట్టం నోట్లో పెట్టుకుని పలికిస్తారట. మనకి పాటంటే పల్లవీ చరణాలే కదా, గిటార్ అంటే మధ్యలో వచ్చే బిట్టు. ఒక పక్క అయిపోయేసరికి మోసపోయినట్టనిపించి కేసెట్ తీసి అవతల పడేశాను. అది 1975లో వచ్చిన ‘బ్లో బై బ్లో’ అని, బీటిల్స్ రికార్డులు చేసిన ప్రొడ్యూసర్ జార్జ్ మార్టినే దాన్నీ చేశాడని చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

తర్వాత వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాప వేసుకుని, టేప్‌రికార్డర్‌లో సెల్స్ వేసి, చేతికందిన కేసెట్ పెట్టాను. అదే, ఈసారి రెండో పక్క. సెల్స్ పాతవి. పాట నెమ్మదిగా, శ్రుతి కిందికి జారుతూ, ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు సాగుతోంది. ఆపేద్దామని చెయ్యి పెట్టి ఆగిపోయాను. స్వరం మొదలైన చోటు వినపడటం లేదు! తీగ మీటితే ‘టక్’మనాలి కదా, ఆ టక్కు లేదు, ఎక్కడి నుంచో సన్నగా వచ్చి నిండుతోంది, అంతే. మీటేటప్పుడు గిటార్ మీదుండే వాల్యూమ్ నాబ్ సున్నాలో ఉంచి, మీటాక చిటికెనవేలితో మెల్లగా తిప్పుతాడని తర్వాత తెలిసింది. మీటిన దెబ్బ మనదాకా రానివ్వడు, మోగినదే వస్తుంది. ఆ పాట అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ రాసింది, మాటలున్న పాటే. బెక్ మాటలు తీసేశాడు.

ఆ రాత్రి గురించి వెంటనే రాసి ఒక వారపత్రికకి పంపాను. పన్నెండు రోజులకి తిరిగొచ్చింది. ‘అద్భుతం’ అన్న మాట కింద ఎర్రగీత, పక్కన ‘అంటే?’ అని ఉంది, అంతే. వారం రోజులు ఆ ఎడిటర్ని తిట్టుకున్నాను, ఇప్పుడు నీ వ్యాసంలో నేను గీస్తున్నదీ అదే గీత.

ఇప్పుడు పని చెబుతాను. ఆల్బమ్స్ అన్నిటి గురించీ ఒకేసారి రాయకు. 1989 నాటి ‘గిటార్ షాప్’ తీసుకో, అందులో ‘వేర్ వర్ యూ’ ఒక్కటి పెట్టుకుని వారం తిరుగు. అప్పటికి ఆయన పిక్, అంటే తీగ మీటే చిన్న బిళ్ల, మానేసి వేళ్లతోనే మీటుతున్నాడు. తీగని మెట్టు మీద నొక్కకుండా ఊరికే తాకి మీటితే గాజుగ్లాసు మోగినట్టు ఒక స్వరం వస్తుంది, హార్మోనిక్ అంటారు. దాన్ని పట్టుకుని, తీగల బిగువు మార్చి స్వరాన్ని కిందికీ పైకీ జరపడానికి గిటార్‌కుండే ఇనపకడ్డీని కొంచెం నొక్కుతూ, కొంచెం ఎత్తుతూ పాటని నడుపుతాడు. ఆ కడ్డీ మీద మెట్లుండవు. ఎంత నొక్కాలో చెవే చెప్పాలి, చెయ్యి కాస్త ఎక్కువ పడిందా, అపస్వరమే. ఇందులో నీ ‘మెరుపు వేగం’ ఎక్కడుందో చూపించు.

మీ అమ్మగారు వీణ నేర్చుకున్నారని రాశావు. రాక్ అని చెప్పకుండా ఆవిడకి వినిపించు. వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికించిన చెయ్యి ఆవిడది, ఈయన కడ్డీ దగ్గర ఏం చేస్తున్నాడో నీకంటే ముందు పట్టుకుంటారు. ‘ఇదేం గోల’ అన్నా సరే, ఆవిడ నోటి మాటలే రాసుకో. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌ కూడా ఎలక్ట్రిక్‌దే కదా, అదీ వెంటనే పెట్టి చూడు. రెండూ ఒకటే అని మాత్రం రాయకు, ఒకటి కాదు.

క్లాప్టన్ గొప్పా బెక్ గొప్పా అన్న పేరా మొత్తం కొట్టేయ్, ఫ్యాన్స్ గొడవలు మనకి జగదాంబ సెంటర్లో చాలినన్ని ఉన్నాయి. 2010లో వచ్చిన ‘ఎమోషన్ అండ్ కమోషన్’ నాకు అంత ఎక్కలేదు, ఆ ఆర్కెస్ట్రా మధ్య ఆయన వేళ్లు సరిగ్గా వినపడవు. నీకు నచ్చితే నచ్చిందనే రాయి, నా కోసం మార్చకు. ఇంకోటి, 2023 జనవరి 10న ఆయన పోయిన సంగతి చివరిదాకా దాచి ఏడిపించాలని చూశావు. అది మొదట్లోనే ఒక్క వాక్యంలో చెప్పేసి పాటలోకి వెళ్లు.

ఆదివారం లాసన్స్‌బేకి వస్తే ఆ కేసెట్ వినిపిస్తాను, ఇంకా తిరుగుతోంది, ఒకచోట టేపు నలిగిందంతే. టేప్‌రికార్డర్‌కి పెద్ద సెల్స్ నాలుగు పడతాయి, వస్తూ పట్టుకురా. కొత్తవి కొనకు, మీ ఇంట్లో టార్చిలో వాడేసినవి చాలు.

ఉంటాను,
అన్నయ్య