శివారు తూము దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ నవల మొదటి పన్నెండు పేజీలూ చదివాను. 2090లో ప్రభుత్వం ఎలా మారిందో, కాలవలన్నీ ఒకే యంత్రం చేతికి ఎందుకిచ్చారో వివరంగా రాశావు. కానీ అందులో ఒక్క మనిషీ పొలం వెళ్ళలేదు. ఆ పేజీలు నీ దగ్గరే ఉంచుకో.

కథని కాలవ చిట్టచివర, శివారు తూము దగ్గర మొదలుపెట్టు. దాళ్వా, అంటే రెండో పంట, వంతులవారీ నీళ్ళు. రాత్రి 2 గంటలకు తూము ఎత్తుతానని యంత్రం కబురు పంపింది. ఎవరికి? పట్టాదారు ఫోనుకి. ఆయన హైదరాబాదులో నిద్రపోతున్నాడు. చేను చేసేది కౌలుకి తీసుకున్నావిడ. నోటిమాట కౌలు, ఏ కాగితంలోనూ ఆవిడ పేరు లేదు. చేలోకి మడవ తీసే దిక్కులేక బోదెలో, ఆ పిల్లకాలవలో, వచ్చిన నీళ్ళు మురుగు కాలవలో కలిశాయి. వరి చూస్తే పొట్ట మీదుంది, కంకి బయటికి రాబోతోంది. నీ రాజ్యం ఎలాంటిదో నాకు ఇక్కడ తెలిసింది.

కొత్త చట్టం ఒక్కటే పెట్టుకో. రెండు పెడితే ఏ కష్టం దేనివల్ల వచ్చిందో తెలీదు. దాన్ని ఒక ఇంటి మీద పెట్టి, ఒక రోజు గంటగంటకీ రాసుకో: ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎకరానికి ఎన్ని బస్తాల కౌలు, ఎవర్ని బతిమాలుకోవాలి. ధాన్యం బస్తా 75 కిలోలని మర్చిపోకు, లెక్క తప్పితే ఇక్కడి పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

నీ యంత్రం ఎప్పుడూ పాడవదు, అదే పెద్ద లోపం. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క వచ్చి తూముకి అడ్డం పడాలి, నీటిమట్టం తప్పు చూపించాలి. నీ కథలో తూములు చూసుకునే లస్కరు ఉద్యోగాలు తీసేశారు కదా, డెక్క ఎవరు లాగుతారు? కొత్త పేర్లు కూడా తగ్గించు. ఊళ్ళో జనం ఆ యంత్రాన్ని కూడా లస్కరనే పిలుస్తారు.

వరద అధ్యాయంలో నియంత ఉపన్యాసం తీసెయ్. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరదకి మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఆ మూడో అంకెని ప్రభుత్వం రెండడుగులు పైకి జరిపిందనుకో. ఏటి మధ్య లంకలో నీళ్ళు అరుగెక్కినా హెచ్చరిక రాదు, అది రాకపోతే పడవ రాదు. ఆ రాత్రి ఒక ఇంట్లో ముందు ఏం అటకెక్కిస్తారు, విత్తనాలా, బియ్యమా, పాస్‌బుక్కా? గేదెల పలుపు ఎవరు కోస్తారు? ముందు ఆ నాలుగు పేజీలే రాసి పంపు.

మీ అన్నయ్య