బంధానికి ముందు జరిగేది రాయండి

ప్రియ మిత్రునికి,

మెదడు కణాల గ్రాహకాలతో (సంకేతాలను అందుకునే ప్రొటీన్లతో) సమయోజనీయ బంధం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి బంధం, ఏర్పరచుకునే చిన్న అణువుల మీద మీరు పంపిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. అయితే మొదటి పేరాలోనే బంధం వేసేశారు. దాంతో ఆ ప్రోబ్ (గ్రాహకాన్ని వెతికి పట్టే అణువు) పాఠకుడి కంటికి జిగురు బొట్టులా కనిపిస్తుంది. అది ఎదురైన ప్రతి ప్రొటీనుకూ ఎందుకు అంటుకోదన్న సందేహం చివరి దాకా తీరదు.

ఈ పని రెండు అంచెల్లో జరుగుతుందని ముందు చెప్పండి. ప్రోబ్‌లో గ్రాహకాన్ని గుర్తుపట్టి అమరే లైగాండ్ భాగం గ్రాహకంలోని తన గుంటలో, మళ్లీ వదిలి రాగలిగేలా కూర్చుంటుంది. అలా కూర్చున్న కాసేపట్లో దాని చర్యాశీలమైన కొసకు లైసిన్ వంటి అమైనో ఆమ్లం సరైన దిశలో అందితేనే బంధం పడుతుంది. బీటా-ఫునాల్ట్రెక్సమీన్‌ను ఉదాహరణగా తీసుకోండి. ఓపియాయిడ్లను అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందు నుంచి రూపొందించి 1980లో ప్రకటించిన ఈ అణువు, మార్ఫిన్ వంటి మందులు పనిచేసే మ్యూ ఓపియాయిడ్ గ్రాహకంలోని 233వ లైసిన్‌ను పట్టుకుంటుందని 2012లో వెలువడిన స్ఫటిక నిర్మాణంలో స్పష్టంగా కనిపించింది. అదే లైసిన్ దాని దగ్గరి బంధువులైన కప్పా, డెల్టా ఓపియాయిడ్ గ్రాహకాల్లోనూ ఉంది, అయినా అక్కడ బంధం పడదు. ప్రోబ్ రూపకల్పనలోని కష్టమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది కనుక ఇక్కడ తొందరపడకండి.

అయితే ఆ అణువు గుంటలోనే ఉండిపోయి గ్రాహకం పనిని ఆపేస్తుంది. పనిచేస్తున్న గ్రాహకాన్ని చూడాలనుకునేవారికి అది పనికిరాదు. క్యోటో విశ్వవిద్యాలయంలో ఇతారు హమాచి బృందం దీనికి కనుగొన్న ఉపాయం నాకు ఎంతో ఇష్టం. మెదడులో గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే ఆంపా గ్రాహకాల కోసం వారు 2017లో ప్రకటించిన ప్రోబ్‌లో లైగాండ్‌కూ ఫ్లోరసీన్ అనే మెరిసే రంగుకూ నడుమ ఎసైల్ ఇమిడజోల్ అనే చర్యాశీలమైన లంకె ఉంటుంది. గుంట వెలుపల, దగ్గరలో ఉన్న లైసిన్ దానితో చర్య జరిపినప్పుడు రంగు ప్రొటీను మీద నిలుస్తుంది, లైగాండ్ విడిపోతుంది. కణాలను కడిగాక గుంట ఖాళీ అవుతుంది, గ్లుటమేట్ మళ్లీ వచ్చి కూర్చోగలదు. పైగా ఆమ్ల వాతావరణంలో ఫ్లోరసీన్ మసకబారుతుంది కాబట్టి, కణం లోపలి సంచుల్లోకి వెళ్లిన గ్రాహకాల కంటే ఉపరితలం మీద ఉన్నవే బాగా వెలుగుతాయి.

కొస మరీ చురుకైనదైతే దారిలో దొరికిన ప్రొటీన్లతోనూ నీటితోనూ చర్య జరిపి వృథా అవుతుందని ఒక వాక్యంలో చెబితే చాలు. వేగ సమీకరణాలు మీ పాఠకులకు అక్కరలేదు. కానీ అదే గుంటలో కూర్చునే పోటీ లైగాండ్‌ను ఎక్కువ మోతాదులో కలిపి చేసే ప్రయోగాన్ని మాత్రం వదలకండి. అప్పుడు మెరుపు మాయమైతేనే రంగు ఆ గుంట ద్వారా చేరిందని నమ్మగలం. మెరుపు లేక నల్లగా వచ్చిన ఆ ప్రయోగం ఫొటోలో ఏమీ లేదని సంపాదకులు తీసేయబోతారు, వారికి అలవాటే. పోటీ లైగాండ్ కలిపినదీ కలపనిదీ రెండు ఫొటోలనూ పక్కపక్కనే వేయాలని పట్టుబట్టండి. తిరగరాసిన ప్రతిని వాటితో సహా పంపండి.

మీ శ్రేయోభిలాషి