గోలీల డబ్బా చేతికొచ్చాక

అమ్మలూ,

అల్వాల్ దగ్గర వృద్ధాశ్రమంలో చేరావని, సోమవారం నుంచి మందులు ఇచ్చే డ్యూటీ నీకే అప్పగిస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తెగ టెన్షన్ పడుతున్నావట. కొంచెం ఉండనీలే, లేబుల్ రెండోసారి చదివిస్తుంది.

మనిషి, మందు, మోతాదు, టైము, నోటి ద్వారానా ఇంకో రకంగానా అన్న ఐదూ సరిచూసుకోవాలని ట్రైనింగులో చెప్పే ఉంటారు. అవి మళ్లీ చెప్పను. ఆస్పత్రి వార్డుల్లోనూ, రిటైరయ్యాక ఇలాంటి హోముల్లోనూ నేను గమనించింది వేరే. కొత్తగా వచ్చినవాళ్లు గోలీ ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఇవ్వకుండా ఆగి, సిస్టర్‌కో డాక్టరుగారికో ఫోన్ చేయడం కూడా నీ పనే. ఎక్కడ ఆగాలో తెలిసేంత వైద్యం నీకు వస్తే చాలు.

అన్నిటికంటే షుగర్ దగ్గర జాగ్రత్త. షుగర్ తగ్గించే మందు గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర టిఫిన్‌తో పాటు పడాలి. మాత్ర పడి, తిండి పడకపోతే షుగర్ దిగిపోతుంది. మన హోముల్లో పెద్దావిడ ఏకాదశి అంటుంది, కార్తీక సోమవారం అంటుంది, రంజాన్ నెలలో ఇంకొకరు రోజా ఉంటామంటారు. వాళ్లతో వాదించకు. ఉపవాసం సంగతి ముందురోజే డాక్టరుకు చెప్పి, ఆ రోజు ఏ మాత్ర ఇవ్వాలో ఏది ఆపాలో రాయించుకో. పండగ కాకపోయినా, ఇడ్లీ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్న మనిషికి మాత్ర ఇచ్చేసి వెళ్లిపోకు.

చెమటలు, చేతుల వణుకు, ఉన్నట్టుండి చిరాకు, పొంతన లేని మాటలు, వీటిలో ఏది కనిపించినా వెంటనే గ్లూకోమీటర్ పెట్టు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు. 15 నిమిషాలాగి మళ్లీ చూడు, పెరగకపోతే మళ్లీ తాగించు. తేరుకున్నాక ఏదైనా తినిపించు, సిస్టర్‌కి చెప్పు. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలుంటుంది కాబట్టి మళ్లీ పడిపోవచ్చు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యి.

ఇన్సులిన్ ఇవ్వడం సిస్టర్ పని, నువ్వు సూది పట్టుకోకు. అయినా ఫ్రిజ్‌లోంచి తెచ్చి అందించేది నువ్వే కాబట్టి ఇది తెలిసుండాలి. మన దగ్గర మామూలు సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నుల్లో వాడేవి 100వి. సిరంజిలు కూడా రెండు రకాలు: 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజిలో అదే గీత దాకా లాగితే డోసు రెండున్నర రెట్లవుతుంది. మూత రంగు ఒక్కటే నమ్మకు, సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చదువు. ఇన్సులిన్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మే నెల ఎండల్లో గంటలకొద్దీ కరెంటు పోతే సిస్టర్‌కి చెప్పు.

పొద్దున ఆరింటికే చాయ్, ఉస్మానియా బిస్కెట్ అడిగేవాళ్లుంటారు. థైరాయిడ్ మాత్ర అంతకు అరగంట ముందే, వీలైతే గంట ముందు, ఉత్త నీళ్లతో పడాలి. క్యాల్షియం, ఐరన్ గోలీలకు దానికి నాలుగు గంటల ఎడం ఉంచు. అన్నీ ఒకే గిన్నెలో పోసి ఇచ్చేయడం సులువే, కానీ థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు.

పేర్లు బాగా మోసం చేస్తాయి. టెల్మా, టెల్మా-హెచ్, టెల్మా-ఏఎమ్ మూడూ బీపీకే, మూడూ వేరు. అంతకంటే భయపడాల్సింది ఫోలిట్రాక్స్, ఫోల్వైట్ దగ్గర. మొదటిది మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వాడేది. రెండోది ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేట్ రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. చార్టులో అది వేయాల్సిన రోజు పేరు పెద్దక్షరాలతో రాయించు, మిగతా ఆరు గళ్లూ కొట్టేయించు. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ తేదీ అవతలి ముక్కలో ఉండిపోతుంది. పేరో తేదీనో కనిపించని ముక్కను వాడకు, ఎవరు ఏమన్నా సరే.

మింగలేకపోతున్నారని గోలీ నలపబోయే ముందు అట్ట చదువు. ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్, ఈఆర్ అని ఉంటే అది మెల్లమెల్లగా కరిగే మందు. నలిపితే రోజంతటిదీ ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. సిరప్ ఉందేమో డాక్టర్ని అడుగు. ఇక వద్దని మొరాయించేవాళ్లకు పెరుగన్నంలో దాచి పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది, నాకు అది అస్సలు నచ్చదు. పెద్దవాళ్లను మోసం చేసి మందు మింగించడం మన పని కాదు. ఎందుకు వద్దంటున్నారో అడుగు. ఒక్కోసారి ఆ మాత్రతో కళ్లు తిరుగుతున్నాయనో, కాళ్లు వాస్తున్నాయనో అప్పుడే బయటపడుతుంది. బీపీ గోలీలలో అమ్లోడిపిన్‌తో పాదాల వాపు రావడం మామూలే. తీసుకోలేదని, కారణంతో సహా చార్టులో రాసి సిస్టర్‌కి చూపించు.

బీపీ చూశాక ఎంత తక్కువుంటే మాత్ర ఆపాలో డాక్టరుచేత ఒక్కొక్కరికీ అంకె రాయించుకో. అంకె లేకుండా నీ అంచనాతో ఆపకు, ఇవ్వకు.

ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటారు. “మీరు లక్ష్మమ్మగారేనా” అంటే చెవి సరిగా వినపడని ఆవిడ దేనికైనా “ఆఁ” అంటుంది. “మీ పేరేంటమ్మా” అని అడుగు, చార్టులో ఫొటో చూడు. మింగినదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాతే సంతకం పెట్టు. పొద్దున్నే వరసగా సంతకాలు పెట్టేసి డబ్బా పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అమెరికా నుంచి కొడుకులు వాట్సాప్ చేస్తారు, “అమ్మకు నిద్ర పట్టట్లేదట, ఫలానా గోలీ వెయ్యండి” అని. మర్యాదగా మాట్లాడు, మెసేజ్ సిస్టర్‌కి పంపు, డాక్టరు రాసిచ్చేదాకా వెయ్యకు. నిద్రమాత్ర మత్తులో రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం అనుకుని వెంటనే 108కి చెయ్యి. చివరిసారి మామూలుగా కనిపించిన టైము కాగితం మీద రాసివ్వు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల్లోపే అవకాశం, అదీ ఆ టైము నుంచే లెక్క. కంగారులో ఎకోస్ప్రిన్ (రక్తం పలచబరిచే ఆస్పిరిన్ మాత్ర) వెయ్యొద్దు. మెదడులో గడ్డ కట్టిందో, రక్తం కారుతోందో స్కాన్ తీస్తే కానీ తెలియదు.

సోమవారం లోపల అందరి చార్టులూ ఒకసారి చదువు. షుగర్‌వాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, వారానికోసారి మాత్ర ఉన్నవాళ్లు ఎవరో విడిగా ఒక కాగితం మీద రాసుకో. అర్థం కానివి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి అడుగు, రెండింటి తర్వాత నేను ఖాళీయే.

మీ పెద్దమ్మ