నాలుగో మూవ్ ఎవరి కోసం?

పోకెమాన్ పోటీ ఆటలో మూవ్‌సెట్ల (ఒక్కో పోకెమాన్‌కి ఎంచి ఇచ్చే నాలుగు మూవ్‌ల కూర్పు) గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: నా గార్చాంప్‌కి ఎర్త్‌క్వేక్, డ్రాగన్ క్లా, క్రంచ్, ఫైర్ ఫాంగ్ పెట్టాను. నాలుగూ వేర్వేరు టైపులు కాబట్టి ఎవరొచ్చినా గట్టి దెబ్బ పడాలి. కానీ టోగెకిస్ వస్తే చేతులు కట్టేసినట్టవుతోంది. మిగతా వాళ్ల మీద కూడా ఒక్క దెబ్బ తక్కువవుతూ ఉంటుంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: తప్పు క్రంచ్‌లో ఉంది. కాగితం మీద లెక్క వేస్తే వెంటనే కనిపిస్తుంది. మూవ్ పవర్ తీసుకోండి. అది పోకెమాన్ సొంత టైప్ మూవ్ అయితే 1.5తో గుణించండి, ఆపైన ఎదుటి టైపును బట్టి 2, 4, సగం లేదా సున్నాతో గుణించండి. గార్చాంప్ డ్రాగన్, గ్రౌండ్ టైపులది. కాబట్టి 100 పవర్ ఉన్న ఎర్త్‌క్వేక్ మామూలు ప్రత్యర్థి మీద 150కి వస్తుంది, 80 పవర్ ఉన్న డ్రాగన్ క్లా 120కి. క్రంచ్ పవర్ కూడా 80యే కానీ డార్క్ టైప్ గార్చాంప్ సొంతం కాదు, కనుక 80 దగ్గరే ఆగిపోతుంది. దానికి బాగా కలిసొచ్చే సైకిక్, ఘోస్ట్ టైపుల మీద రెట్టింపై 160 అవుతుంది. అంటే తన రోజు వచ్చినప్పుడు కూడా ఎర్త్‌క్వేక్ కంటే 10 మాత్రమే ఎక్కువ. గెంగార్ మీదైతే ఆ మాత్రం కూడా లేదు. ఏడో తరం ఆటల నుంచి గెంగార్‌కి లెవిటేట్ (గ్రౌండ్ మూవ్‌లు తగలకుండా గాల్లో తేలే ఎబిలిటీ) లేదు, పాయిజన్ టైప్ కావడంతో ఎర్త్‌క్వేక్ దాని మీద 300 పడుతుంది. క్రంచ్ మీ జట్టులో ఒక గది అద్దెకు తీసుకుని ఊరికే కూర్చుంది.

టైపుల సంఖ్య లెక్కపెట్టడం వల్లే ఈ పొరపాటు జరుగుతుంది. ఎర్త్‌క్వేక్, డ్రాగన్ క్లా రెండూ ఎవరి దగ్గర ఆగిపోతాయో ముందు పేర్లతో రాసుకోండి. జాబితా చాలా చిన్నది. ఎగిరే స్టీల్ టైపులైన కోర్వినైట్, స్కార్మరీ. లెవిటేట్ ఉన్న బ్రాంజాంగ్. ఫ్లయింగ్, ఫెయిరీ రెండూ అయిన టోగెకిస్. ఇక మూడో మూవ్ పని ఈ పేర్ల మీద ఏం చేస్తుందన్నదే.

ఫైర్ ఫాంగ్ పవర్ 65. కోర్వినైట్, స్కార్మరీ, బ్రాంజాంగ్ మూడింటి మీదా 130 వస్తుంది. అక్కడ డ్రాగన్ క్లా 60 మాత్రమే, ఎర్త్‌క్వేక్ సున్నా. సైజర్, ఫెరోథార్న్ మీద ఫైర్ ఫాంగ్ నాలుగు రెట్లై 260. టోగెకిస్ మీద మాత్రం 65 దగ్గరే నిలిచిపోతుంది. స్టోన్ ఎడ్జ్ దీనికి తలకిందులు. పవర్ 100, టోగెకిస్ మీద 200, కోర్వినైట్ మీద 100, బ్రాంజాంగ్ మీద 50. రెండూ పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది, పెట్టవద్దు. మీ మిగతా ఐదుగురిలో కోర్వినైట్‌ను ఓడించే ఎలక్ట్రిక్ లేదా ఫైర్ పోకెమాన్ ఉంటే గార్చాంప్‌కి స్టోన్ ఎడ్జ్ ఇవ్వండి. టోగెకిస్ బెడదను మరొకరు చూసుకుంటుంటే ఫైర్ ఫాంగ్ ఇవ్వండి. నాలుగో గదిలో ఒక టర్న్ ఖర్చుతో అటాక్‌ను పెంచే స్వోర్డ్స్ డాన్స్ పెట్టండి. అటాక్ రెట్టింపైతే పై అంకెలన్నీ రెట్టింపవుతాయి. ఏ నాలుగో టైప్ మూవూ ఆ పని చేయలేదు.

డ్రాగన్ క్లా బదులు ఔట్‌రేజ్ పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. పవర్ 120, సొంత టైప్ లెక్కతో 180. కానీ రెండు మూడు టర్న్‌లు వేరే మూవ్ వాడే వీలుండదు, తర్వాత తికమక పడుతుంది. ఆ రెండు టర్న్‌ల మధ్య ఎదుటివాడు ఒక ఫెయిరీని తెచ్చి ఊరికే నిలబెడతాడు. చివరి పోకెమాన్ మీద ఆట ముగించడానికి తప్ప ఔట్‌రేజ్‌ను నేను సిఫారసు చేయను.

ప్రశ్న: స్వోర్డ్స్ డాన్స్‌తో ఒక టర్న్ పోతుంది. దాని బదులు చాయిస్ బ్యాండ్ (అటాక్ పెంచి, ఒకే మూవ్‌కు కట్టిపడేసే వస్తువు) కట్టేస్తే మొదటి టర్న్ నుంచే 1.5 రెట్లు కదా?

జవాబు: మొత్తం దెబ్బ లెక్కలో మీరు చెప్పింది నిజమే. మూడు టర్న్‌లలో బ్యాండ్ 4.5 వంతులు కొడుతుంది, డాన్స్ చేసినది 4 వంతులు. నాలుగో టర్న్‌కి ఇద్దరూ 6 దగ్గర సమానమవుతారు. కానీ ఆట గెలిచేది మొత్తాలతో కాదు, ఒక్క దెబ్బకు ఎవరు పడతారన్న దానితో.

డ్యామేజ్ కాలిక్యులేటర్‌లో మీ ముఖ్య ప్రత్యర్థులను ఒక్కొక్కరినే పెట్టి, బ్యాండూ డాన్సూ లేని మామూలు దెబ్బ చూడండి. ఒకే దెబ్బ ప్రతిసారీ 85 నుంచి 100 శాతం మధ్య మారుతుంది కాబట్టి రెండు అంకెలు కనిపిస్తాయి. కింది అంకెనే నమ్మండి. ప్రత్యర్థి ప్రాణంలో 51–60 శాతం అని వస్తే, డాన్స్ తర్వాత తక్కువలో తక్కువ 102, ఖాయంగా పడిపోతుంది. బ్యాండ్‌తో ఎక్కువలో ఎక్కువ 90, బతికి తిరగబడుతుంది. 68–80 అని వస్తే బ్యాండ్‌తోనే 102 దాటుతుంది, డాన్స్ చేయడం టర్న్ వృథా. మీ జాబితాలో ఎక్కువ మంది ఏ పట్టీలో ఉన్నారో చూసి ఎంచుకోండి. స్టెల్త్ రాక్ పరిస్తే లెక్క ఇంకా మారుతుంది. రాక్ టైప్‌కు మామూలుగా స్పందించే పోకెమాన్ లోపలికి వస్తూనే 12.5 శాతం పోగొట్టుకుంటుంది. కాబట్టి మామూలు దెబ్బ 44 శాతమే అయినా, డాన్స్ తర్వాత 88, రాళ్లతో కలిపి 100.5. సరిగ్గా సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. అనవేర్ ఎబిలిటీ ఉన్న డోండోజో లాంటివి డాన్స్ పెంపును అసలు లెక్కలోకి తీసుకోవు, బ్యాండ్ మాత్రం వాటి మీదా పనిచేస్తుంది. రెండోది, డాన్స్ చేయడానికి ఖాళీ టర్న్ ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసి ఉండాలి. ఎదుటివాడు చాయిస్ వస్తువుతో ఎలక్ట్రిక్ మూవ్‌లో ఇరుక్కున్నప్పుడు గ్రౌండ్ టైప్ గార్చాంప్‌ను దించితే, అతను ఎలాగూ స్విచ్ చేయాలి. ఆ టర్న్ మీది. అలాంటి సందర్భం మీ జట్టు ఎప్పుడూ కల్పించలేకపోతే బ్యాండే నయం.

ప్రశ్న: హైడ్రో పంప్ కీలకమైన చోట గురి తప్పుతోంది. సర్ఫ్‌కి మారిపోనా?

జవాబు: హైడ్రో పంప్ పవర్ 110, గురి 80 శాతం. సర్ఫ్ పవర్ 90, గురి 100. సగటు చూస్తే 88కి 90, తేడా లేనట్టే. అందుకే సగటు చూడకండి. సర్ఫ్ దెబ్బ 51 శాతం పైన ఉండి ఒక్క దెబ్బకు చాలకపోతే, రెండు సర్ఫ్‌లు ఖాయంగా పని పూర్తి చేస్తాయి. హైడ్రో పంప్ కూడా రెండు దెబ్బలు అడిగితే, రెండూ తగిలే అవకాశం 64 శాతమే. అక్కడ పంప్ వేయడం చేతిలో ఉన్నది జారవిడుచుకోవడమే. అదే సర్ఫ్ 85–100 అని వచ్చి, పంప్ 104 నుంచి మొదలైతే, 80 శాతం అవకాశమే మేలు. ఈ రెండో రకం ప్రత్యర్థులు మీ జాబితాలో కనీసం ఇద్దరైనా లేకపోతే మారిపోండి. వాన కురుస్తున్నా హైడ్రో పంప్ గురి పెరగదు. వానలో గురి తప్పకుండా తగిలేవి థండర్, హరికేన్. సర్ఫ్ డబుల్స్‌లో (ఒక్కో వైపు ఇద్దరు దిగే ఆటలో) మీ భాగస్వామికి కూడా తగులుతుందని మర్చిపోకండి.

ప్రశ్న: పాత ఆటల్లో ఘోస్ట్ మూవ్‌లన్నీ అటాక్ లెక్కన పడేవి. ఇప్పుడు నా గెంగార్ షాడో క్లా ఎందుకింత నీరసంగా ఉంది?

జవాబు: మూడో తరం వరకు ఫిజికల్ (అటాక్ లెక్కన పడేది), స్పెషల్ (స్పెషల్ అటాక్ లెక్కన పడేది) తేడా టైపును బట్టి ఉండేది. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటల నుంచి ప్రతి మూవ్‌కూ విడివిడిగా నిర్ణయించారు. షాడో క్లా ఫిజికల్, షాడో బాల్ స్పెషల్. గెంగార్ బేస్ అటాక్ 65, స్పెషల్ అటాక్ 130. లెవెల్ 50లో పెట్టుబడి (శిక్షణ పాయింట్లు) లేని అటాక్ 85, పూర్తిగా పెట్టిన స్పెషల్ అటాక్ 182. మూవ్ పవర్‌లతో కలిపి గుణిస్తే షాడో బాల్ దాదాపు రెండున్నర రెట్లు బలమైనది. మూవ్ ఎంచుకునే ముందు పేరు పక్కన ఉన్న గుర్తు చూడండి. మినహాయింపులు కొన్నే. ఫౌల్ ప్లే ఎదుటివాడి అటాక్‌ను వాడుకుంటుంది, బాడీ ప్రెస్ సొంత డిఫెన్స్‌ను వాడుకుంటుంది. కోర్వినైట్ లాంటి గోడకు బాడీ ప్రెస్ అందుకే అంత బాగా కుదురుతుంది.

ప్రశ్న: డబుల్స్‌లో గార్చాంప్ ఎర్త్‌క్వేక్ నా పోకెమాన్‌నే పడగొడుతోంది. అందరూ ప్రొటెక్ట్ (ఆ టర్న్‌లో వచ్చే దెబ్బను ఆపే మూవ్) పెట్టమంటున్నారు. దెబ్బ కొట్టే మూవ్ తీసేసి దాక్కునే మూవ్ పెట్టడం నాకు మనసొప్పడం లేదు.

జవాబు: మొదట ఎర్త్‌క్వేక్ సంగతి. ఒకరికన్నా ఎక్కువ మందికి తగిలే మూవ్ డబుల్స్‌లో 75 శాతానికి తగ్గుతుంది. 100 పవర్ ఎర్త్‌క్వేక్ అప్పుడు 75 పవర్ మూవ్. ఒక్కరికే తగిలే స్టాంపింగ్ టాంట్రమ్ పవర్ కూడా సరిగ్గా 75. అంటే ఒక ప్రత్యర్థిని ఎంచుకుని కొట్టే ఆట మీదైతే, టాంట్రమ్‌తో అదే దెబ్బ పడుతుంది, మీ భాగస్వామి క్షేమంగా ఉంటాడు, ఇద్దరి మీదా పడే మూవ్‌లను ఆపే వైడ్ గార్డ్ దాన్ని ఆపదు. నేలంతా గడ్డి పరిచే గ్రాసీ టెర్రెయిన్‌లో ఎర్త్‌క్వేక్ సగానికి పడిపోతుంది, టాంట్రమ్ పడిపోదు. మీ ముందటి మూవ్ విఫలమై ఉంటే టాంట్రమ్ పవర్ రెట్టింపు కూడా అవుతుంది. ఎర్త్‌క్వేకే కావాలనుకుంటే పక్కన ఫ్లయింగ్ టైప్‌ను గానీ, లెవిటేట్ ఉన్నదాన్ని గానీ నిలబెట్టాలి. ఒకే ఒక్క టర్న్‌కైతే భాగస్వామి ప్రొటెక్ట్ వేస్తే సరిపోతుంది.

ఇక ప్రొటెక్ట్. అది దాక్కోవడం అనుకుంటే దాని విలువ అందదు. గార్చాంప్ మీద ఐస్ మూవ్‌లు నాలుగు రెట్లు పడతాయి, ఎందుకంటే డ్రాగన్, గ్రౌండ్ రెండూ ఐస్‌కు బలహీనమే. ఎదుటి జట్టులో ఒక ఐస్ మూవ్ కనిపించిన క్షణం నుంచి ఆ దెబ్బ గార్చాంప్ వైపే వస్తుందని మీకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆ టర్న్‌లో మీరు ప్రొటెక్ట్ వేస్తే అతని మూవ్ బూడిదలో పోసిన పన్నీరు. అదే టర్న్‌లో మీ భాగస్వామి ఆ ఐస్ పోకెమాన్‌ను స్వేచ్ఛగా కొడతాడు. ఇద్దరూ కలిసి గార్చాంప్ మీద పడితే రెండు మూవ్‌లు వృథా అయినట్టు. ట్రిక్ రూమ్, వాతావరణం, టెయిల్‌విండ్ లాంటి టర్న్‌ల లెక్క మీద నడిచేవన్నీ ఒక టర్న్ కరిగిపోతాయి కూడా.

వరసగా రెండోసారి వేస్తే నిలిచే అవకాశం మూడింట ఒక వంతే, కాబట్టి దాన్ని ఆశ్రయించకండి. చాయిస్ స్కార్ఫ్, చాయిస్ బ్యాండ్ ఉన్నదానికి ప్రొటెక్ట్ ఇవ్వకూడదు, దానిలోనే ఇరుక్కుపోతుంది. అసాల్ట్ వెస్ట్ అనే వస్తువైతే వేయనే వేయనివ్వదు. వీటిలో ఏదీ లేని గార్చాంప్‌కి ప్రొటెక్ట్, డ్రాగన్ క్లా, స్టాంపింగ్ టాంట్రమ్, రాక్ స్లైడ్ ఇచ్చి చూడండి. రాక్ స్లైడ్ పవర్ 75, ఇద్దరి మీదా పడితే 56 మాత్రమే. అయినా తగిలిన ఒక్కొక్కరినీ 30 శాతం అవకాశంతో ఆ టర్న్‌కి ఆపేస్తుంది. అది గార్చాంప్ ముందుగా కదిలినప్పుడు మాత్రమే పనిచేస్తుంది కాబట్టి ఇక్కడ స్పీడ్ పెంచే జాలీ నేచర్ పెట్టండి. లెవెల్ 50లో స్పీడ్‌కి పూర్తి పెట్టుబడితో జాలీ గార్చాంప్ 169, అటాక్ పెంచే అడమంట్ నేచర్ అయితే 154. బేస్ స్పీడ్ 100 ఉన్న సాలమెన్స్ వేగం పెంచే నేచర్‌తో 167 దగ్గర నిలుస్తుంది. రెండు అంకెల తేడాతో మీ డ్రాగన్ క్లా ముందు పడుతుంది. అడమంట్‌తో ఆ పదమూడు అంకెలు వెనకబడి, మీరే ముందు దెబ్బ తింటారు.

ప్రశ్న: నా టాక్సపెక్స్‌కి టాక్సిక్ (విషం ఎక్కించేది), రికవర్ (ప్రాణం తిరిగి నింపేది), హేజ్ (పెంపులను చెరిపేసేది), బేన్‌ఫుల్ బంకర్ (ప్రొటెక్ట్ లాంటిది) పెట్టాను. గోడలా నిలబడుతుంది, కానీ టాంట్ వేయగానే కుప్పకూలుతోంది.

జవాబు: ఆ నాలుగింటిలో నేరుగా కొట్టేది ఒక్కటీ లేదు. టాంట్ మూడు టర్న్‌ల పాటు అలాంటి మూవ్‌లన్నిటినీ ఆపేస్తుంది. అప్పుడు మిగిలేది స్ట్రగుల్. దాని పవర్ 50, వేసిన ప్రతిసారీ మీ పూర్తి ప్రాణంలో పావు వంతు మీకే పోతుంది. టాంట్ లేకపోయినా గోల్డెంగో లాంటిది వచ్చి నిలబడితే చేయగలిగేది లేదు. స్టీల్ టైప్‌కు విషం ఎక్కదు, పైగా దాని ఎబిలిటీ స్టేటస్ మూవ్‌లను (నేరుగా కొట్టనివాటిని) దగ్గరకే రానివ్వదు.

బేన్‌ఫుల్ బంకర్ తీసి సర్ఫ్ పెట్టండి. టాక్సపెక్స్ స్పెషల్ అటాక్ బేస్ 53 మాత్రమే, దెబ్బ పెద్దగా పడదు. అయినా టాంట్ కింద ఒక మూవ్ చేతిలో ఉంటుంది, ఎదుటివాడు ఊరికే బలం పెంచుకుంటూ కూర్చోలేడు. హేజ్ తీయవద్దు, స్వోర్డ్స్ డాన్స్ చేసినవాడిని ఆపడానికే కదా ఈ గోడ.

టాక్సిక్ లెక్క కూడా తెలుసుకోండి. పాయిజన్ టైప్ వేస్తే గురి తప్పదు. మొదటి టర్న్ ప్రాణంలో పదహారో వంతు, తర్వాత రెండు వంతులు, మూడు, నాలుగు, అలా పెరుగుతుంది. ఐదు టర్న్‌లలో పదహారులో పదిహేను, ఆరో టర్న్‌కి పడిపోతుంది. ఎదుటివాడి చేతిలో ప్రతి టర్న్ కొంత ప్రాణం నింపే లెఫ్ట్‌ఓవర్స్ ఉంటే ఒక టర్న్ ఆలస్యం. బయటికి వెళ్లి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, అందుకే అనుభవమున్నవాళ్లు మూడో టర్న్‌కే స్విచ్ చేస్తారు. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో రికవర్ పీపీ (ఎన్నిసార్లు వాడవచ్చన్న లెక్క) 5, పెంచినా 8. ఆ ఎనిమిదిని ప్రాణం మూడొంతులున్నప్పుడే ఖర్చు చేస్తే ఆఖరి పది టర్న్‌లలో గోడ ఉండదు. సగానికి దిగాక వేయండి. ఎదుటివాడి తర్వాతి దెబ్బ ఆ సగాన్ని దాటేస్తుందని తెలిస్తే మాత్రమే ముందుగా వేయండి.