రేడియో కట్టేసి విను

చిన్నీ,

నువ్వు పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్ కారు కొనబోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అన్నయ్యకి సంతోషం ఆగలేదు, రెండుసార్లు చెప్పాడు. నాకూ గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలికైనవి. ఓ రెండు వారాలు నువ్వు ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ట్రాఫిక్‌లో వెళ్తున్నావో రాసుకో. హైబ్రిడ్ సత్తా అంతా ఆగుతూ సాగుతూ పోయే రోడ్ల మీదే. మామూలు కారులో బ్రేక్ వేస్తే ఆ శక్తంతా వేడై పోతుంది. ఇందులో మోటారే జనరేటర్‌గా మారి కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో పోయేవాళ్లు బ్రేక్ వేసేదెప్పుడు, బ్యాటరీకి తిరిగొచ్చేదెంత? నీ తిరుగుడు అలాంటిదైతే మామూలు పెట్రోలు కారు కూడా చూడు. నామోషీ ఏమీ లేదు.

షోరూమ్‌లో అన్నిటినీ హైబ్రిడ్ అనే అంటారు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజిన్‌కి ఓ చెయ్యి సాయం పడుతుంది, అంతే. స్ట్రాంగ్ హైబ్రిడ్ కాసేపు ఇంజిన్ లేకుండా కూడా నడుస్తుంది. ప్లగ్-ఇన్ అయితే ఇంటి దగ్గర ఛార్జింగ్‌కి చోటుండాలి, లేకపోతే ఆ పెద్ద బ్యాటరీ రోజూ మోసే మూటే. వారంటీ కాగితంలో హైబ్రిడ్ బ్యాటరీకి ఎన్నేళ్లో, ఏ షరతుల మీదో చదువు.

బ్యాటరీ పోతుందని అందరూ భయపెడతారు. 1997లో జపాన్‌లో టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ వచ్చినప్పటి నుంచీ ఇదే పాట. నిజానికి కారు ఆ బ్యాటరీని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, అందుకే ఏళ్ల తరబడి మన్నుతుంది. దానికి పడనిది వేడి. నా తప్పు అక్కడే జరిగింది.

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ బూడిద రంగు కారు నీకు గుర్తుందా? మీ నానమ్మకి నడుము పట్టేసి ఆస్పత్రికి తిప్పుతున్న రోజులు. కూర్చోలేకపోయేది పాపం. వెనక సీటు మీద రెండు బొంతలు, దిండు వేసి పడుకోబెట్టేదాన్ని. సీటు పక్కన చిన్న ప్లాస్టిక్ జాలీ ఒకటుండేది. ఏసీ గాలి వచ్చేదేమో అనుకున్నాను. కాదు. బ్యాటరీ ఫ్యాను కారులోని చల్లగాలిని పీల్చుకునే ముక్కు అది. బొంత అంచు సరిగ్గా దాని మీద పడింది. ఒకటి కాదు, రెండు కాదు, ఎనిమిది నెలలు.

నువ్వు అప్పుడు రెండో తరగతి. నానమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చునేదానివి. ఒకరోజు, "అత్తా, ఇక్కడెవరో ఈల వేస్తున్నారు" అన్నావు. నోరు మూసుకో, నానమ్మ నిద్రపోతోంది అని కసిరాను. తర్వాత నాకూ వినపడింది. వినపడితే ఏం చేశానో తెలుసా? రేడియో సౌండ్ పెంచాను. మైలేజీ పడిపోతే పెట్రోలు బంకువాణ్ణి అనుమానించాను. చివరికి ఎర్ర దీపం వెలిగి బండి సగం బలంతో ఈడ్చుకుంటూ వచ్చింది. మెకానిక్ సీటు విప్పి ఫ్యాను బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. రెక్కల మధ్య దూది, దారాలు కలిసి కంబళి ముక్కలా గట్టిగా పేరుకున్నాయి. అందులో నానమ్మ బొంత ఎరుపు కనిపించింది. బ్యాటరీ లోపల కొన్ని సెల్స్ అప్పటికే పోయాయి. ఏడేళ్ల పిల్లకి వినపడింది నేను వినలేదు. ఆ కసురు నీకు గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం ఉంది.

కాబట్టి సెకండ్‌హ్యాండ్ చూస్తే ముందు ఆ జాలీ ఎక్కడుందో అడిగి వేలుపెట్టి చూడు. కొన్ని మోడళ్లలో దానికి ఫిల్టర్ ఉంటుంది, అది ఎప్పుడు శుభ్రం చేశారో కూడా అడుగు. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. వాటి జోలికి మాత్రం వెళ్లకు, నీకు ప్రతిదీ విప్పి చూసే రోగం ఉంది.

ఇంకొకటి, నవ్వకు. ఈ కార్లు ఆన్‌లో ఉన్నా చప్పుడు చెయ్యవు. మూసిన గ్యారేజీలో బటన్ నొక్కి ఆపడం మరిచిపోయి లోపలికి వెళ్లిపోయావనుకో, బ్యాటరీ తగ్గగానే ఇంజిన్ తనంతట తనే స్టార్టవుతుంది. ఇంజిన్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదే తల్లీ. గీజర్ కట్టెయ్యడం నువ్వెన్నిసార్లు మరిచిపోయావో లెక్క నా దగ్గరుంది. దిగేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద కారు ఆన్‌లో ఉందని చెప్పే 'రెడీ' దీపం ఆరిందో లేదో చూసే దిగు.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పెట్టుకో, నేనూ వస్తాను. నువ్వు నడుపు, నేను వెనక సీట్లో ఆ జాలీ పక్కన కూర్చుంటాను. రేడియో పెట్టకు.

మీ అత్త